ఈచుకుపోవు రోగం: బైతార్ల కాలం నుంచి గచ్చిబౌలి దాకా

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున ఉన్న మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, గోపన్‌పల్లి అనే పేర్లు వినగానే నేటి చదువరుల కళ్ళకు అద్దాల మేడలు, కంప్యూటరు కంపెనీలు కట్టుకుంటాయి. కాని ఇవి మొదట పల్లెల పేర్లు. బౌలి అంటే బావి అని ఉర్దూ తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేదాకా ఈ ప్రాంతం బండరాళ్ళ గుట్టలు, చెరువులు, మేతబీళ్ళు ఉన్న నేల. గొల్ల కురుమలు మందలు తోలుకుపోయిన దారుల మీదనే నేడు ఆరు వరుసల రోడ్లు పడ్డాయి.

ఇంతకన్న ఆశ్చర్యకరమైన సంగతి మరొకటి ఉన్నది. ఈ ప్రాంతానికి శాస్త్రవిజ్ఞానం వచ్చింది కంప్యూటరుతో కాదు, పశువుతో. సైబర్ టవర్స్ లేవడానికి 16 సంవత్సరాల ముందే, 1982లో, జాతీయ పాడి అభివృద్ధి మండలి వారు ఇండియన్ ఇమ్యునలాజికల్స్ అనే టీకా మందుల సంస్థను నెలకొల్పి, గచ్చిబౌలిలో గాలికుంటు వ్యాధికి టీకా తయారు చేయించారు. తరువాత 2010లో కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ ఆధ్వర్యంలో జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ ఏర్పడింది. దాని ఆవరణ గచ్చిబౌలి ప్రక్కనే గోపన్‌పల్లిలో ఉన్నది. ఈ రెండు సంస్థలకూ సంబంధమున్న ఒక వ్యాధిని గురించి ఈ వ్యాసంలో ముచ్చటించదలచాము. అది పశువు ప్రాణం తీయదు. పశువు కడుపులోని దూడ ప్రాణం తీస్తుంది. పల్లెల్లో దానిని ఈచుకుపోవడం అంటారు. వైద్యులు బ్రూసెల్లోసిస్ అంటారు.

ఈ వ్యాధి చరిత్ర ఒక సూక్ష్మజీవి చరిత్ర మాత్రమే కాదు. పశువు చూడి నిలవకపోతే మనుష్యులు దానిని ఎలా అర్థం చేసుకున్నారు, ఎవరి పశువును గురించి గ్రంథాలు వ్రాశారు, ఎవరి పశువును విడిచిపెట్టారు, లోపమున్న పశువును సంతలో అమ్మేటప్పుడు నోరు విప్పారా లేదా అనే ప్రశ్నల చరిత్ర కూడా. ఈ ప్రశ్నలకు ఇస్లామీయ విజ్ఞాన చరిత్రలో చోటున్నది కనుకనే ఈ పుటలలో దీనిని ప్రస్తావిస్తున్నాము.

వ్యాధి తీరు

ముందుగా వ్యాధిని గురించి క్లుప్తంగా చెప్పుకోవాలి. ఆవు లేదా గేదె ఐదు నెలల చూడి దాటిన తరువాత, సాధారణంగా ఏడవ ఎనిమిదవ నెలలో, ఏ దెబ్బా తగలకుండానే ఈచుకుపోతుంది. చాలాసార్లు మాయ పడదు. గర్భసంచి వాచి చీము పడుతుంది. ఆ తరువాత ఎదకు సక్రమంగా రాక, వచ్చినా చూడి కట్టక, కొన్ని పశువులు గొడ్డుబోతాయి. ఆబోతులకు వస్తే వృషణాలు వాచి వీర్యం చెడుతుంది.

ఈ సూక్ష్మజీవి గర్భాన్నే ఎందుకు ఎన్నుకుంటుందనే ప్రశ్నకు 1960 దశకంలో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు ఒక సమాధానం కనుగొన్నారు. ఆవు, గొర్రె, మేకల మాయలో ఎరిత్రిటాల్ అనే ఒక తీపి పదార్థం ఉంటుంది. ఈ సూక్ష్మజీవికి అది ఇష్టమైన ఆహారం. కడుపులోని దూడ కోసం ఏర్పడిన పోషణే శత్రువును పిలుచుకొని వస్తుందన్నమాట.

అన్నిటికన్న ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. ఒకసారి ఈచుకుపోయిన ఆవు తరువాతి ఈతలో నిండు దూడను ఈనవచ్చును. చూపులకు ఆరోగ్యంగా ఉంటుంది, పాలు ఇస్తుంది. కాని దాని పాలలోను, ఈనినప్పుడు పడే మాయలోను, స్రావాలలోను సూక్ష్మజీవులు వస్తూనే ఉంటాయి. కొట్టంలోని తక్కిన పశువులు ఆ మాయను నాకి, ఆ స్రావం పడిన గడ్డిని మేసి వ్యాధి తెచ్చుకుంటాయి. మాయను వట్టి చేతులతో లాగిన మనిషికి కూడా వస్తుంది. రోగం దాగి ఉండగలదు. దాచడం కూడా సులభం. ఈ వ్యాసంలో తరువాత వచ్చేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

బైతార్ల విజ్ఞానం

అరబ్బీలో పశువైద్యుని బైతార్ అంటారు. ఇది గ్రీకు భాషలో గుర్రాల వైద్యుని పేరైన హిప్పియాట్రోస్ నుంచి వచ్చిన మాట. మన దేశంలో ఉర్దూవారు గుర్రాల వైద్యుని సలోత్రి అన్నారు. అది సంస్కృతంలో అశ్వశాస్త్రకర్తగా ప్రసిద్ధుడైన శాలిహోత్రుని పేరు. ఒక మాట గ్రీసు నుంచి, మరొక మాట భారతదేశం నుంచి ముస్లిముల వాడుకలో చేరడాన్ని బట్టి ఆ నాటివారు విజ్ఞానం ఎక్కడ దొరికినా తెచ్చుకున్నారని తెలుస్తున్నది.

బస్రా పండితుడు జాహిజ్ (మరణం హిజ్రీ 255, క్రీ.శ. 868-69) తన కితాబుల్ హయవాన్‌లో విత్తులు కొట్టిన పశువుల శరీరంలోను స్వభావంలోను వచ్చే మార్పులను, కంచరగాడిద వంటి సంకర జంతువుల గొడ్డుతనాన్ని సుదీర్ఘంగా చర్చించాడు. 12వ శతాబ్దిలో సెవిల్ నగరానికి చెందిన ఇబ్నుల్ అవ్వామ్ వ్రాసిన కితాబుల్ ఫిలాహా ప్రధానంగా వ్యవసాయ గ్రంథం. అయినా దాని చివరి అధ్యాయాలలో ఆవులు, గొర్రెలు, మేకల ఎంపిక, దాటించే కాలం, చూడి, ఈత మొదలైన విషయాలున్నాయి. 1802లో మాడ్రిడ్‌లో దీనికి స్పానిష్ అనువాదం అచ్చయింది. 14వ శతాబ్దిలో ఈజిప్టు సుల్తాన్ నాసిర్ ముహమ్మద్ బిన్ ఖలావూన్ ఆస్థానంలోని అబూబక్ర్ అల్‌బైతార్ వ్రాసిన గ్రంథం సుల్తాను పేరు మీదుగా నాసిరీ అని పేరుపొంది, 19వ శతాబ్దిలో ఫ్రెంచిలోకి అనువదింపబడింది.

ఈ పేర్లు చెప్పుకొని గర్వపడడం సులభం. కాని చరిత్ర చదివేవాడు ఒక నిజాన్ని దాచకూడదు. బైతార్ల గ్రంథాలలో అధిక భాగం గుర్రాన్ని గురించినవే. గుర్రం సుల్తానుది, సైన్యానిది. దాని కాలి పగులుకు కూడా గ్రంథంలో ఒక ప్రకరణం దొరుకుతుంది. పల్లెలో పేదవాని ఆవు ఎందుకు ఈచుకుపోయిందో విచారించిన పుటలు బహు కొద్ది. ఇది ముస్లిముల లోపమని అనుకోనక్కరలేదు. అన్ని దేశాల పశువైద్యానికీ పుట్టుకతో వచ్చిన లోపమిది. 1889లో పుణెలో మొదలై 1893లో హిమాలయాలలోని ముక్తేశ్వర్‌కు తరలిన బ్రిటిషు ప్రభుత్వ ప్రయోగశాల కూడా చాలాకాలం పెద్ద మహమ్మారుల మీదనే, ముఖ్యంగా పశువుల పెద్దరోగం మీదనే, దృష్టి నిలిపింది. మందలను ఊడ్చిపెట్టే పెద్దరోగం ముందు ఒక ఆవు ఈచుకుపోవడం ఎవరికి లెక్క? 2006లో భారతదేశం, 2011లో ప్రపంచమంతా పెద్దరోగం నుంచి విముక్తి పొందిన తరువాతనే ఈ చాటుమాటు వ్యాధి మీద అందరి చూపూ నిలిచింది.

డమాస్కసు ఆవు

పశువుల జననేంద్రియాలలో పుట్టుకతో వచ్చే లోపాలను గురించి మాత్రం బైతార్ల కంటె ఫఖీహులు, అనగా ధర్మశాస్త్రవేత్తలు, ఎక్కువ శ్రద్ధగా చూశారనిపిస్తుంది. కారణం ఖుర్బానీ. లోపమున్న పశువు ఖుర్బానీకి పనికివస్తుందా అనే ప్రశ్న ఏటేటా వచ్చేది. జవాబు చెప్పాలంటే పశువును నిదానంగా చూడక తప్పదు.

ఇమామ్ నవవీ (క్రీ.శ. 1233-1277) తన తహ్‌జీబుల్ అస్మా వల్లుగాత్‌లో ఒక సంఘటనను గ్రంథస్థం చేశారు. హిజ్రీ 674 (క్రీ.శ. 1276) అరఫా దినాన, అంటే బక్రీదుకు ముందునాడు, తాము నమ్మదగిన కొందరు మనుష్యులు తమ వద్దకు వచ్చారట. వారి దగ్గర ఒక ఆవు ఉన్నది. దానికి ఆడపశువు అవయవం లేదు, ఎద్దు అవయవమూ లేదు. పొదుగు దగ్గర ఒక రంధ్రం మాత్రం ఉన్నది, మూత్రం అందులో నుంచి వస్తుంది. ఖుర్బానీకి ఇది చెల్లుతుందా అని వారు అడిగారు. చెల్లుతుందని ఇమామ్‌గారు సమాధానమిచ్చారు. అది మగదైనా కావాలి, ఆడదైనా కావాలి, రెండూ ఖుర్బానీకి చెల్లేవే. పైగా మాంసాన్ని తగ్గించే లోపమేదీ అందులో లేదు అని ఆయన తర్కం.

ఏడున్నర శతాబ్దాల క్రిందటి ఈ వర్ణన నేటి పశువైద్యుని రోగపత్రంలో వ్రాసుకోదగినంత స్పష్టంగా ఉన్నది. ఉన్నదేమిటి, లేనిదేమిటి, మూత్రద్వారం ఎక్కడ ఉన్నది అన్నీ వివరంగా చెప్పబడినాయి. అపశకునమన్న మాట గాని, దయ్యం పట్టిందన్న మాట గాని అందులో లేదు. అదే కాలంలో అనేక దేశాలలో వింతజంతువు పుట్టుకను రాజుకు కీడు సూచనగా భావించేవారని గుర్తు తెచ్చుకుంటే ఈ ప్రశాంతత విలువ తెలుస్తుంది.

హనఫీ పండితులు ఇందుకు భిన్నంగా చెప్పారు. 17వ శతాబ్దికి చెందిన దుర్రె ముఖ్తార్‌లో ఇటువంటి పశువు చెల్లదని, దాని మాంసం సరిగా ఉడకదని కారణం చూపబడింది. మన దక్కనులో ఎక్కువమంది హనఫీలు. బార్కస్ ప్రాంతంలోని హజ్రమీ అరబ్బు కుటుంబాలవారు షాఫయీలు. కనుక ఒకే నగరంలో రెండు అభిప్రాయాలకూ అనుయాయులున్నారు. ఆచరణకు ఎవరి ఉలమాను వారు అడగవలసిందే. చరిత్ర దృష్టితో మనం గమనించవలసినది మరొకటి: ఇరుపక్షాలవారూ మాంసం స్థితి వంటి పరిశీలించగల విషయం మీదనే వాదించుకున్నారు.

పుట్టుకతో వచ్చే లోపాలలో పాడి రైతుకు ఎక్కువగా ఎదురయ్యేది మరొకటి ఉన్నది. ఆవు కవలలను ఈని, ఒకటి కోడె, ఒకటి పెయ్య అయినప్పుడు, నూటికి తొంభైకి పైగా సందర్భాలలో ఆ పెయ్య గొడ్డుదవుతుంది. పైకి చక్కని పెయ్యే. పెరుగుతుంది, బలిసిపోతుంది, కాని ఎదకు రాదు. ఇంగ్లండులో జాన్ హంటర్ 1779లో దీనిని గురించి రాయల్ సొసైటీకి వ్యాసం సమర్పించాడు. 1916లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ లిల్లీ కారణం వివరించాడు. కడుపులో రెండు దూడల మాయలలోని రక్తనాళాలు కలిసిపోతాయి. ముందుగా ఏర్పడే కోడె వృషణాల నుంచి వచ్చే రసాలు పెయ్య రక్తంలోకి పారి, దాని అండాశయాలను, గర్భసంచిని పెరగనీయవు. 1945లో రే ఓవెన్ అనే శాస్త్రజ్ఞుడు ఇటువంటి కవల దూడలు జీవితాంతం ఒకదాని రక్తకణాలను మరొకటి భరిస్తాయని కనుగొన్నాడు. పరాయి కణాన్ని శరీరం ఎలా సహిస్తుందనే విచారణ అక్కడి నుంచి ముందుకు సాగి, 1960లో మెడవార్, బర్నెట్ అనువారికి నోబెల్ బహుమతి తెచ్చింది. నేడు ఆసుపత్రులలో జరిగే అవయవ మార్పిడి విద్యకు ఒక గొడ్డు పెయ్య కూడా గురువేనన్నమాట.

రైతుకు ఇందులో నేర్చుకోవలసిన పాఠం చిన్నది. కోడెకు కవలగా పుట్టిన పెయ్యను పాడి మీద ఆశతో మూడేండ్లు మేపే ముందు పశువైద్యునికి చూపించాలి. అమ్మదలిస్తే ఆ సంగతి చెప్పి అమ్మాలి.

మాల్టా మేకలు

మళ్ళీ ఈచుకుపోవు రోగానికి వద్దాము. దీని ఆధునిక చరిత్ర మధ్యధరా సముద్రంలోని మాల్టా ద్వీపంలో మొదలవుతుంది. 870 నుంచి 1091 దాకా అరబ్బుల పాలనలో ఉన్న ఆ ద్వీపవాసుల భాష నేటికీ అరబ్బీ నుంచి పుట్టినదే. 19వ శతాబ్దిలో అక్కడి బ్రిటిషు సైనికులు నెలల తరబడి తగ్గని, వచ్చి పోతూ మళ్ళీ వచ్చే జ్వరంతో బాధపడేవారు. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు ఆ జ్వరంతో మరణించినవారి ప్లీహాల నుంచి సూక్ష్మజీవిని వేరుచేసినట్లు ప్రకటించాడు. బ్రూసెల్లా అనే పేరు అతనిదే.

జ్వరం ఎక్కడి నుంచి వస్తుందో 18 సంవత్సరాల దాకా తేలలేదు. 1905లో మాల్టా వైద్యుడు తెమిస్తోక్లిస్ జమ్మిత్ మేకల రక్తంలో దాని జాడ పట్టుకున్నాడు. మేకలు చూపులకు ఆరోగ్యంగా ఉన్నాయి, పాలు పుష్కలంగా ఇస్తున్నాయి, వాటిని ఇంటింటికీ తోలుకుపోయి గుమ్మంలోనే పాలు పితికి ఇస్తున్నారు. అనుమానం ఎవరికి కలుగుతుంది? అదే ఏడు మాల్టా నుంచి మేకలను అమెరికాకు తీసుకుపోయిన జాషువా నికల్సన్ అనే ఓడలో, ఆ మేకల పాలు త్రాగిన నావికులు చాలామంది జ్వరం పాలయ్యారు. 1906లో సైనికులకు మేకపాలు నిలిపివేయగా వారిలో జ్వరం దాదాపు మాయమైంది. కాని మాల్టా సామాన్య ప్రజలు పచ్చిపాలు మానలేదు, జ్వరమూ వారిని వదలలేదు. ఉత్తరువు ఇచ్చినంత సులభంగా అలవాటు మారదనడానికి ఇది నిదర్శనం.

ఇంతలో 1897లో డెన్మార్కు పశువైద్యుడు బెర్న్‌హార్డ్ బాంగ్ ఆవులు ఈచుకుపోవడానికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నాడు. మాల్టా మేకకూ డెన్మార్కు ఆవుకూ చుట్టరికం ఉందని ఎవరూ అనుకోలేదు. 1918లో అమెరికాలో ఆలిస్ ఈవాన్స్ అనే స్త్రీ ఈ రెండు సూక్ష్మజీవులు దగ్గరి బంధువులని, కాచని ఆవుపాల వల్ల కూడా మనుష్యులకు జ్వరం రాగలదని ప్రకటించింది. పెద్దలు చాలాకాలం ఆమె మాటను కొట్టివేశారు. చివరికి ఆమె చెప్పిందే నిలిచింది. పరిశోధనలో ఆ వ్యాధి ఆమెకే సోకి, అనేక సంవత్సరాలు బాధించింది కూడా.

గచ్చిబౌలి టీకా

వ్యాధి కారణం తెలిసిన తరువాత ఐరోపా దేశాలవారు పట్టిన మార్గం కఠినమైనది. ప్రతి పశువుకూ పరీక్ష చేయడం, వ్యాధి ఉన్నదానిని వధించడం, యజమానికి నష్టపరిహారం ఇవ్వడం. మన దేశంలో ఈ మార్గం సాగదు. అనేక రాష్ట్రాలలో ఆవును వధించడాన్ని చట్టం నిషేధిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977లో వచ్చిన గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం అటువంటిదే. అది అటుంచితే, ఒకటి రెండు పశువులే జీవనాధారమైన రైతుకు తగిన పరిహారం దొరకకపోతే అతడు పరీక్షకు ముందుకు రాడు. కనుక మనకు మిగిలిన మార్గం టీకా.

ఆ టీకా పుట్టుక కూడా విచిత్రమే. 1923లో అమెరికాలో జాన్ బక్ అనే పశువైద్యుడు ఒక జెర్సీ ఆవు పాల నుంచి ఈ సూక్ష్మజీవిని వేరుచేశాడు. ఆ గొట్టం ఏడాదికి పైగా మామూలు గది వేడిలో పడి ఉండి, తిరిగి చూసేసరికి సూక్ష్మజీవి బ్రతికే ఉన్నది, కాని దాని విషం చాలా వరకు తగ్గిపోయింది. దానికే ఎస్-19 అని పేరు. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయస్సు పెయ్యదూడలకు ఒక్కసారి వేస్తే చాలు. మగదూడలకు వేయకూడదు, వేస్తే వృషణాలకు హాని. చూడి పశువులకు వేస్తే ఈచుకుపోవచ్చు. అందువల్ల సరైన వయస్సు దాటనీయకపోవడం ముఖ్యం.

గచ్చిబౌలిలో గాలికుంటు టీకాతో ప్రయాణం మొదలుపెట్టిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వారే ఈ ఎస్-19 టీకాను బ్రూవాక్స్ అనే పేరుతో రైతులకు అందించారు. గోపన్‌పల్లిలోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థలో బ్రూసెల్లా శరీరకణాలలో ఎలా దాక్కుంటుందనే విషయం మీద, వ్యాధిని తేలికగా గుర్తించే పరీక్షల మీద పరిశోధనలు సాగుతూ వచ్చాయి. ఈ రెండింటికీ సమీపంలోని రాజేంద్రనగర్‌లో 1946లో, నిజాం పాలన చివరి రోజుల్లో, ఏర్పడిన పశువైద్య కళాశాల ఉన్నది. నేడది 2014లో ఏర్పడిన పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. 1998లో గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా ఏర్పడిందని మన చదువరులకు తెలుసు. బైతార్ల భాషను చదవగలవారూ, బ్రూసెల్లాను చూడగలవారూ ఒకే వీధిలో ఉన్నారు. ఇరువురూ ఒకరి ముఖం ఒకరు చూచుకుంటే ఎంత మేలు!

2019 మే నెలలో కేంద్ర మంత్రివర్గం 13,343 కోట్ల రూపాయల అంచనాతో గాలికుంటు, బ్రూసెల్లోసిస్ నివారణ కార్యక్రమాన్ని ఆమోదించింది. అదే ఏడు సెప్టెంబరు 11న మథురలో అది ప్రారంభమైంది. 3 కోట్ల 60 లక్షల పెయ్యదూడలకు ఎస్-19 టీకా వేయడం లక్ష్యం. సంతోషించదగిన విషయమే. అయితే ఒక సంగతి మరువరాదు. ఈ కార్యక్రమంలో గాలికుంటు టీకా గొర్రె మేకలకు కూడా ఉద్దేశించబడింది గాని, బ్రూసెల్లోసిస్ టీకా ఆవు గేదె పెయ్యలకు మాత్రమే. మనుష్యులకు ఎక్కువ తీవ్రమైన జ్వరం కలిగించేది గొర్రె మేకల నుంచి వచ్చే బ్రూసెల్లాయే. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కొక్క కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చారు. వాటిలో అనేకం ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవి. మందలు ఇలా దూరప్రయాణాలు చేసే కాలంలో గొర్రెకాపరిని ఎవరు కాపాడాలి అనే ప్రశ్న మిగిలే ఉన్నది.

సంతలో మౌనం

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాము. టీకా ఉన్నది, పరీక్ష ఉన్నది, విజ్ఞానమున్నది. అయినా వ్యాధి ఊరి నుంచి ఊరికి ఎలా నడుస్తున్నది? నాలుగు కాళ్ళ మీద నడుస్తున్నది. ఆవు ఈచుకుపోయింది. యజమాని నష్టపోయాడు. దానిని ఇంట్లో ఉంచుకుంటే మేత దండుగ. కొన్నాళ్ళు ఆగి, పశువు కోలుకున్న తరువాత సంతకు తోలుతాడు. ఎన్ని ఈతలు అని అడుగుతారు, పాలెన్ని అని అడుగుతారు. ఈచుకుపోయిందా అని అడిగేవారు తక్కువ, చెప్పేవారు ఇంకా తక్కువ. కొన్నవాడి కొట్టంలోని చూడి పశువులు మరుసటి ఏడు ఈచుకుపోతాయి. అతడూ అదే పని చేస్తాడు.

ఆ యజమానిని మనం తిట్టడం సులభం. అతని పేదరికాన్ని కూడా చూడాలి. కాని ఇస్లామీయ వ్యాపార ధర్మంలో ఈ విషయం మీద సందేహానికి తావు లేదు. పశువు లోపాన్ని దాచి అమ్మితే, తెలిసిన తరువాత తిరిగి ఇచ్చే హక్కు కొన్నవానికి ఉన్నది. దానినే ఖియారుల్ ఐబ్ అంటారు. అమ్మే ముందు పాలు పితకకుండా పొదుగు నింపి, పాలు ఎక్కువని భ్రమ కలిగించడాన్ని దైవప్రవక్త (సల్లం) నిషేధించారు. మోసపోయినవాడు ఆ పశువును ఒక సా ఖర్జూరాలతో సహా తిరిగి ఇవ్వవచ్చునని బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసు తెలుపుతున్నది.

వాసిలా బిన్ అస్ఖా (రజి) వృత్తాంతం ముస్నద్ అహ్మద్‌లో ఉన్నది. ఒక మనిషి ఆయన ఇంటి నుంచి ఒంటెను కొని బయటికి తోలుకుపోతుండగా, వాసిలా తమ ఉత్తరీయం నేల మీద ఈడ్చుకుంటూ వెంట వచ్చి, దీనిలో ఉన్నదేమిటో నీకు చెప్పారా అని అడిగారు. ప్రయాణానికి కొన్నావా, మాంసానికి కొన్నావా అని కూడా అడిగారు. హజ్జ్ ప్రయాణానికి అని అతడు చెప్పగా, దాని కాలిగిట్టలో రంధ్రమున్నదని తెలిపారు. మీరు నా బేరం చెడగొడుతున్నారని అమ్మినవాడు నొచ్చుకున్నాడు. లోపం చెప్పకుండా అమ్మడం ఎవరికీ ధర్మసమ్మతం కాదని, అది తెలిసినవాడు చెప్పకుండా ఉండడమూ ధర్మసమ్మతం కాదని ప్రవక్త (సల్లం) బోధనను వాసిలా వినిపించారు. ఇక్కడ బాధ్యత అమ్మేవానితో ఆగలేదు. తెలిసిన ప్రతివాని మీద, అనగా పక్కింటివాని మీద, దళారి మీద, టీకాలు వేసేవాని మీద కూడా పడింది.

రోగమున్న ఒంటెల యజమాని వాటిని ఆరోగ్యమైన ఒంటెల దగ్గరకు తోలరాదనే హదీసు కూడా బుఖారీ, ముస్లింలలో ఉన్నది. అంటు లేదని చెప్పే మరొక హదీసుతో దీనిని ఎలా సమన్వయించాలని పూర్వపండితులు చాలా చర్చించారు. రోగం తనంత తానుగా, దేవుని ఆజ్ఞ లేకుండా, ఎవరినీ పట్టదనేది మొదటిదాని భావమని, కారణాలను చూసుకొని జాగ్రత్తపడడం మన విధి అనేది రెండవదాని భావమని వారిలో అనేకులు సమాధానపడ్డారు. ఈచుకుపోయిన ఆవును మందలో నుంచి వేరుగా కట్టే రైతు, తెలిసినా తెలియకపోయినా, ఆ రెండవ హదీసునే పాటిస్తున్నాడు.

చేయవలసినవి

చరిత్ర చెప్పి ఊరుకుంటే ప్రయోజనం తక్కువ కనుక నాలుగు మాటలు.

పాలు పొంగేదాకా కాచి త్రాగాలి. పచ్చిపాలు బలమనే నమ్మకం మాల్టాలో ఎందరినో మంచం పట్టించింది. జున్నుపాలను కూడా బాగా ఉడికించాలి. ఈనే పశువుకు సాయం చేసేటప్పుడు, మాయ తీసేటప్పుడు, ఖుర్బానీ నాడు చూడి గొర్రె గర్భసంచి బయటపడినప్పుడు వట్టి చేతులు పెట్టరాదు. చేతికి తొడుగు ఉండాలి, తరువాత సబ్బుతో కడుక్కోవాలి. మాంసం వృత్తిలోని మన ఖురేషీ సోదరులకు, కొట్టం పని చేసే స్త్రీలకు ఇది మరీ ముఖ్యం. గర్భిణులు ఈ పనికి దూరంగా ఉండాలి. ఈచుకుపోయిన దూడను, మాయను కుక్కల పాలు చేయక, సున్నం చల్లి లోతుగా పాతిపెట్టాలి.

వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, కీళ్ళ నొప్పులు ఉన్నవాడు వైద్యుని వద్దకు పోయినప్పుడు తన వృత్తిని, తన కొట్టంలో పశువు ఈచుకుపోయిన సంగతిని చెప్పాలి. చెప్పకపోతే వైద్యుడు టైఫాయిడనో మలేరియా అనో అనుకునే ప్రమాదమున్నది. చికిత్స ఉన్నది, కాని సాధారణంగా ఆరు వారాలు మందులు మానకుండా వాడాలి. పెయ్యదూడకు ఎనిమిది నెలలు నిండకముందే టీకా వేయించాలి. చివరిది, అన్నిటికన్న కష్టమైనది: సంతలో నిజం చెప్పాలి.

డమాస్కసులో అరఫా దినాన ఇమామ్ నవవీ వద్దకు వచ్చినవారు తమ ఆవు లోపాన్ని దాచలేదు. పండుగకు ఒక్కరోజు ముందు, దానిని మామూలు ఆవు అని చెప్పి ఎవరికో అమ్ముకోగలిగి కూడా, ఉన్నదున్నట్లు చెప్పి ధర్మం అడిగారు. వారు అడిగారు కనుకనే ఆ ఆవు వర్ణన మనకు మిగిలింది. గచ్చిబౌలి ప్రయోగశాల గొట్టంలోని టీకాకు కూడా అటువంటి మనుష్యులే కావాలి. మనిషి నోరు మూసుకుంటే సూక్ష్మజీవికి దారి తెరిచినట్లే.